రాళ్ళవాన ఎప్పుడు పడ్డది

బాలి మొగుడు పూల్‌సింగ్‌కు తప్పు ఒప్పుకునుడు రాదు. తప్పులు మాత్రం మస్తు చేస్తడు. కూరల ఉప్పు రెండుసార్లు వేసిండనుకో, "ఈ ఉప్పుల తేమ ఎక్కువున్నది, అందుకే లెక్క తేలలె" అంటడు. పినపాక పోవాల్సినోడు ఇంకో ఊరి బస్సెక్కి నిద్రపోయిండనుకో, "బోర్డు రాసినోని పరిశీలన అసంపూర్ణం" అంటడు. పెండ్లై నలభై ఏండ్లు కావస్తున్నది, ఆ నోట "నాది తప్పైంది బాలీ" అన్న మాట ఒక్కనాడన్న రాలె. కెమిస్ట్రీ చదివినోళ్ళందరు గిట్లనే ఉంటరో, ఈయన ఒక్కడే గిట్ల పుట్టిండో ఆమెకు ఇప్పటికీ తెల్వదు.

తిరుమలాయపాలెం దిక్కు తండాల పుట్టిండు పూల్‌సింగ్. బర్రెల ఎంబడి తిరుక్కుంటనే పది పాసైండు, ఖమ్మంల డిగ్రీ చేసిండు, తంగేడు చెక్కతోటి తోలు ఎట్ల పదునెక్కుతదో కనిపెట్టి డాక్టరేటు తెచ్చుకున్నడు. ఆ డాక్టరేటుకు తండాల డప్పులు గిట్ల కొట్టిండ్రు గని, తోలు సంగతి చదవనీకె అంత దూరం పోవాల్నా అని అతని తల్లి చచ్చేదాక అడుగుతనే ఉన్నది.

పెండ్లినాడు ఏం జరిగిందో బాలి ఇప్పటికీ చెప్పి నవ్వుతది. పీటల కాడ ఎవరో పసుపుల సున్నం కలిపిండ్రు, పసుపు ఎర్రగైంది. పెండ్లికొడుకు ఆమె చెవికాడికి వంగి, "చూసినవా, అది క్షారం పని" అన్నడు. మొగుడు ఆమెతోని మాట్లాడిన మొదటి మాట అదే. క్షారమంటే తిట్టో దీవెనో తెల్వక బాలి తలకాయ వంచుకుని కూసున్నది.

మణుగూరు దిక్కు కాలేజీల పాఠాలు చెప్పుకుంట సక్కగ ఉంటే బాగుండు. ఒకనాడు పాఠ్యపుస్తకంల తప్పు దొరికింది. మనం పీల్చే ప్రాణవాయువును ఎవలు కనిపెట్టిండ్రంటే, ఇంగ్లండాయన అని రాసున్నదట. కాదంట! స్వీడన్ దేశంల మందుల దుకాణం నడుపుకునే షీలే అనేటాయన అంతకన్న ముందే చేసి పెట్టుకున్నడట. పాపం, ఆయన పుస్తకం అచ్చుకాడ ఆలస్యమైంది, ఈలోపల ఇంగ్లండాయన చెప్పేసిండు. ఇగ పూల్‌సింగ్‌కు ఆ అన్యాయం పట్టుకున్నది. సొంత భూమి ఎవడో గుంజుకున్నట్టు తిండి మానేసిండు. అప్పటి సంది కెమిస్ట్రీ పాఠం కాలేజీలనే, ఇంట్ల మాత్రం చరిత్ర. ఏది ఎవలు ముందు చేసిండ్రు, ఎవని పేరు ఎవడు కొట్టేసిండు, గిదే పని. పదకొండు పుస్తకాలు రాసిండు. అన్నిట్ల ఒక్కటే మాట: "చెప్పినోడు కాదు, చేసినోడు ముందు."

ఎండకాలంల ఆ షీలే చచ్చిపోయిన రోజు వస్తది. ఆ పొద్దు బాలి పాయసం వండాలె. బాలి నాయన చచ్చిపోయిన రోజు మాత్రం పూల్‌సింగ్‌కు యాదుండదు. "మా నాయన గూడ ఏదన్న గాలి కనిపెట్టుంటే బాగుండు" అంటది బాలి. ఆయన దాన్ని గూడ నిజమనుకుని, "కనిపెట్టడానికి ఆయనకు పరికరాలు లేకుండె గద" అంటడు. గిసొంటి మనిషితోని ఏం కొట్లాడుతవ్?

ఆ పుస్తకాలల్ల మొదటి పేజీల అందరికీ దండాలు పెట్టిండు. లైబ్రరీల కూసునేటాయనకు, అచ్చేసినోళ్ళకు, ఎన్నడూ చూడని జర్మనీ ప్రొఫెసరుకు, అందరికీ పేరుపేరున. ఆఖరికి "నా సహధర్మచారిణికి" అని ఒక్క ముక్క. ఆమెది ఏ ఊరో, ఆమె పేరేందో ఎక్కడ లేదు. బాలి ఏడో తరగతి దాక చదివింది. ప్రతి పుస్తకం రాంగనే మొదటి పేజీ తీసి, తన పేరున్నదా అని వేలు పెట్టి చూసుకునేది. పదకొండుసార్లు చూసుకున్నది. అడుగుడు మాత్రం అడగలె. అడిగి పెట్టించుకుంటే అది పేరెట్లయితది?

రిటైరైనంక బాలి పుట్టిన తండాలనే, పినపాక దాటినంక అడివంచుకు ఇల్లు కట్టుకున్నరు. వాగుకు ఈ దిక్కు తండా, ఆ దిక్కు పూసలగుంపు అనే కోయోళ్ళ ఊరు. తండా ఆడోళ్ళూ గుంపు ఆడోళ్ళూ కలిసి సంఘం పెట్టుకున్నరు. గుంపుల భీమక్క, తండాల బాలి, ఈ ఇద్దరే దానికి పెద్దదిక్కు. ఎండిన ఇప్పపువ్వును దోరగ వేపి, నువ్వులూ బెల్లమూ కలిపి దంచి లడ్డు చుడుతరు. మొదట ఎవలూ కొనలె. తర్వాత భద్రాచలంల గుడికొచ్చేటోళ్ళు రుచి మరిగిండ్రు, ఇప్పుడు చుట్టినయి చుట్టినట్టే అమ్ముడు పోతున్నయి.

గప్పుడే సతీష్ వచ్చిండు. గుంపు పిలగాడే, చదువుకుని సంఘాలకు కో-ఆర్డినేటరైండు. "అమ్మా, రంగుల డబ్బా అచ్చేపిస్తున్నం. మీద ఈ లడ్డు మొదట చేసినామె బొమ్మ, కింద ఆమె పేరు. ఒక్కరిదే పడుతది, జల్దీ చెప్పుండ్రి ఎవరిదో" అన్నడు.

"నాది" అన్నది బాలి.

"నాది" అన్నది భీమక్క.

ఇద్దరి నోట ఒక్కసారే వచ్చింది. అప్పటిదాక ఒక్క బొక్కెనల నీళ్ళు తాగిన ఇద్దరూ మొకాలు తిప్పుకున్నరు. బాలి అబద్ధమేం చెప్పలె. నిరుడు భీమక్క కాడ పువ్వు కొనుక్కొచ్చి, ఇంట్ల సొంత బుర్రతోని లడ్డు చేసింది, మరునాడే సంఘంల అందరికీ పంచింది. "నువ్వు పంచకముందే నేను చేసి తిన్న, పిల్లలకు గూడ పెట్టిన" అంటది భీమక్క. "మరి అప్పుడెందుకు చెప్పలే?" అంటది బాలి. "నోరుండి నువ్వు చెప్పినవ్, నోరు లేక నేను చెప్పలె" అంటది ఆమె. సంఘంల సగం మంది గిటు, సగం మంది గటు. దంచుడు ఆగిపోయింది.

ఆఖరికి భీమక్కనే ఉపాయం చెప్పింది. "మీ సారు గిదే పని కద చేస్తడు? ఆయననే తేల్చమను."

"మా ఆయన నా దిక్కు చెప్తే?"

"చెప్పడు. ఆయనకు అబద్ధమాడే తెలివి లేదు" అన్నది భీమక్క.

గీ మాటకు బాలికి గర్వపడాల్నో ఏడ్వాల్నో తెల్వలె. పూల్‌సింగ్‌కు మాత్రం ఏనుగెక్కినంత సంబురమైంది. షీలే కేసు చేతికి రాలె గని గీ కేసు నడిచొచ్చి వాకిట్ల కూసున్నది. బాలి ఆ వారమంత గోదారి చేపలే వండింది. ఆయన ముండ్లు తీసుకుంట హాయిగ తిన్నడు, మూతి తుడుచుకుని, "చేపలు బాగున్నయి. తీర్పు మాత్రం చేపలను బట్టి రాదు" అన్నడు.

"ఒక్కసారన్న నా పేరు అచ్చుల చూసుకోవాల్నని ఉన్నదయ్యా" అన్నది బాలి. కోపంగ అనాల్ననుకున్నది, బతిమాలినట్టైంది.

ఆయన ఆమె మొకం దిక్కు చూసిండు. "నువ్వే ముందైతే తప్పక పడుతది" అని చెయ్యి కడుక్కోను లేచిండు.

తెల్లారి గొడుగేసుకుని గుంపుకు పోయిండు, భీమక్క ఇంట్ల కూసుని వాకబు చేసిండు. తిరిగొచ్చేటప్పుడు ఈల ఏసుకుంట వచ్చిండు. "ఏమన్నది?" అంటే, "సభల చెప్త" అన్నడు. ఆ ఈల వినంగనే తాను ఓడిపోయిందని బాలికి సమజైంది.

సభ పూసలగుంపుల, లడ్డులు చేసే షెడ్డు ముంగట. సతీష్ మైకు పెట్టించిండు. నడుమ కుర్చీల దూలయ్యను కూసోబెట్టిండ్రు. దూలయ్య భీమక్క పెనిమిటి, ఆ ఊరికి వడ్డె. అంటే దేవతకు పూజ చేసేదీ, పండుగ ఎప్పుడో చెప్పేదీ ఆయననే. ఆ ఊళ్ళె ఇప్పపువ్వుకు ఒక కట్టు ఉన్నది. పువ్వు రాలితే ఏరుకోవచ్చు, వాకిట్ల ఎండబెట్టుకోవచ్చు. కని వడ్డె ఇప్ప పండుగ చేసి తల్లికి కొత్తపువ్వు పెట్టిందాక పొయ్యి మీదికి ఎక్కియ్యొద్దు, నోట్లె పెట్టొద్దు. తప్పిన ఇల్లు తప్పు కట్టాలె. వడ్డె ఇంట్లనే తప్పితే ఇగ ఆయన వడ్డెపని పాయె. దూలయ్య తాత చేసిండు, నాయన చేసిండు, ఈయన చేస్తున్నడు. గీ సంగతి వాగుకు ఇవతల బాలికి చిన్నప్పటి సంది ఎరుకే. స్వీడన్‌ల మందుల దుకాణం ఏ వీధిల ఉన్నదో చెప్పే పూల్‌సింగ్‌కు మాత్రం వాగు అవతలి కట్టు తెల్వదు.

పూల్‌సింగ్ మైకు పట్టుకుని షీలే కాడ మొదలుపెట్టిండు. జనం ఆవలించిండ్రు. ఒక ముసలాయన, "ఈ షీలే ఎవల అల్లుడు?" అని పక్కోణ్ణి అడిగిండు. ఎట్లనో స్వీడన్ నుంచి పూసలగుంపుకు వచ్చి పడ్డడు.

"భీమక్క నాతోని ఏమన్నది? పువ్వు తడిసింది, పులిసిపోతదని మూకుట్ల వేపిన, పిల్లలు ఆకలంటే బెల్లం కలిపి ముద్ద చేసి పెట్టిన అన్నది. ఇది సత్యమేనా భీమక్కా?"

"అవ్" అన్నది భీమక్క, బాలి దిక్కు చూసి మూతి తిప్పుకుంట.

"శాస్త్రం ఏం చెప్తది? అంతకుముందు యేటి పాతపువ్వు కుండల, అటక మీద ఉంటది. అది తడువది. తడిసింది వాకిట్ల ఆరబోసిన కొత్తపువ్వు! ఆ యేడు పువ్వు రాలే కాలంల వాన ఒక్కసారే పడ్డది. ఏ వాన?" అని ఆగి, అందరి దిక్కు చూసిండు. "రాళ్ళవాన!"

ఆ రాళ్ళవాన బాలికి కండ్లముందర మెదిలింది. అప్పుడు దూలయ్య జరమొచ్చి భద్రాచలం దవాఖానల పడి ఉన్నడు. వడ్డె లేక పండుగ ఆగింది. ఇంట్ల గింజలు నిండుకుంటే భీమక్క మనుమలను పెట్టుకుని ఒక్కతే ఉన్నది. ఓరి దేవుడా, ఈయన ఎటు పోతున్నడు?

బాలి గట్టిగ దగ్గింది. తలకాయ అడ్డంగ ఊపింది. నోటి మీద వేలు పెట్టుకున్నది. పూల్‌సింగ్ చూడనే చూసిండు. చూసి మైకుల, "నా భార్య సైగలు చేస్తున్నది, చూడుండ్రి! భార్యైనా సరే, సత్యం ముందర నాకు ఎవలు లేరు!" అన్నడు. సతీష్ చప్పట్లు కొట్టిండు.

"నీ సత్యంల మన్ను పొయ్య" అనుకున్నది బాలి.

"రాళ్ళవాన పడ్డనాడు దూలయ్య దవాఖానల ఉన్నడు. నేనూ బాలీ పోయి చూసొచ్చినం. ఆయన ఇంటికొచ్చినంకనే పండుగ చేసిండు. బాలి లడ్డు చేసింది ఎప్పుడు? పండుగ తెల్లారి! కాబట్టి భీమక్క లడ్డు పండుగకన్న ముందు! నేను రుజువు చేస్త, ఎవడన్న కాదనుండ్రి, పండుగకన్న ముందు!" అని టేబుల్ మీద గుద్దిండు.

చప్పట్లు రాలె. దూలయ్య చేతిల కట్టె గట్టిగ పట్టుకుని నేల చూపులు చూస్తున్నడు. భీమక్క మొకంల నెత్తురు లేదు.

"నేను చెయ్యలె!" అని లేచింది ఆమె. "నాకు లడ్డు చుట్టుడే రాదు! బాలిబాయే ముందు!"

"భయపడకు భీమక్కా!" అన్నడు పూల్‌సింగ్, కండ్లల్ల నీళ్ళు పెట్టుకుని. "చరిత్రల గిట్లనే ఎంతమందిని నొక్కేసిండ్రో! నేనున్న. నీ హక్కు ఎవలకూ పోనియ్య. పండుగకన్న ముందు నువ్వే వండినవ్, నువ్వే తిన్నవ్, నీ మనుమలతోని గూడ తినిపించినవ్!"

ఇగ బాలి ఆగలె. కొంగు బొడ్ల దోపుకుని నడిచొచ్చింది, మైకు మీద చెయ్యి మూసింది. కోయోళ్ళకు తెల్వకుండ తమ లంబాడ మాటల్ల మొగుని చెవిల దులిపింది. పండుగకు ముందు వండుడు ఎంత తప్పో చెప్పింది, ఇట్లనే వదిలేస్తే దూలయ్య వడ్డెపని ఈ పూటనే పోతదని చెప్పింది.

"నాకెవలూ చెప్పలే" అన్నడు పూల్‌సింగ్ చిన్నగ.

"నువ్వు అడిగితే గద! ఇప్పుడు చెప్పు, లెక్క తప్పిందని చెప్పు."

"నేనా?"

"నువ్వే."

"బాలీ, అది అబద్ధం. వాన ముందే పడ్డది."

"పడ్డది. నేను గూడ తడిసిన. అయితే ఏంది? ఆ ముసలోడు నిన్ను ఏం చేసిండు?"

పూల్‌సింగ్ కండ్లద్దాలు తీసి తుడిచిండు, మళ్ళ పెట్టుకున్నడు, మళ్ళ తీసిండు. సతీష్ నీళ్ళిచ్చిండు. తాగకుండనే గ్లాసు కింద పెట్టిండు. ఆయన అన్ని పుస్తకాలల్ల దేశదేశాల ప్రొఫెసర్లతోని కొట్లాడింది గిట్ల తేదీలు మార్చేటోళ్ళ మీదనే. బాలికి జాలేసింది. అప్పుడే ఇంకో సంగతి తోచింది. వాన పండుగ తర్వాత పడ్డదంటే ముందు చేసింది తనే అయితది, డబ్బా మీద తన బొమ్మనే పడుతది. ఇట్ల గాదు గద తాను కోరుకున్నది! కని వెనక్కి తిరిగి చూస్తే భీమక్క రెండు చేతులు జోడించుకుని నిలబడ్డది. బాలి మైకు మీది నుంచి చెయ్యి తీసింది.

పూల్‌సింగ్ మైకు దగ్గరికి గుంజుకున్నడు. "పెద్దలారా," అన్నడు. "నాది తప్పైంది. లెక్క తప్పింది. రాళ్ళవాన పండుగ అయినంకనే పడ్డది. భీమక్క అంతకుముందు వండలె. లడ్డు ముందు చేసింది బాలి."

అప్పుడు దూలయ్య తలెత్తిండు. "అవ్," అన్నడు మెల్లగ. "పండుగ తర్వాతనే పడ్డది. నాకు యాదికున్నది."

ఇగ చూడాలె ఊరి సంబురం! "అవ్ అవ్, పండుగ మేకను కోసినంకనే పడ్డది" అన్నడొకడు. "ఆ రాళ్ళకే మా కోడి సచ్చింది, పండుగకు కోయంగ మిగిలిన కోడి అది" అన్నది ఒకామె. "వడ్డె పూజ చేసి ఇంటికి పోతుంటే ఆయన నెత్తి మీదనే రాయి పడ్డది, నేను చూసిన" అన్నడు ఇంకొకడు. దూలయ్య నెత్తి తడుముకున్నడు. నిమిషంల ఊరు ఊరంత ఆ వానను ఎత్తుకపోయి పండుగ అవతల పెట్టింది. ఒక్కొక్క సాక్షి లేస్తుంటే పూల్‌సింగ్ కుర్చీల ఇంత ఇంత కుంగిపోయిండు.

"అయితే బాలమ్మ పేరు ఫైనల్!" అని సతీష్ ఫోన్ తీసి ఫోటో పట్టిండు. "నవ్వమ్మా, కొంచెం నవ్వు" అన్నడు. బాలి నవ్వింది. పదకొండు పుస్తకాలల్ల ఎతికినా దొరకని పేరు ఇప్పుడు వేల డబ్బాల మీద పడుతది, ఆమెకేమో ఆడనే కూసుని ఏడ్వాల్నని ఉన్నది.

భీమక్క వచ్చి ఆమెను గట్టిగ వాటేసుకున్నది. జనం చప్పట్లు కొడుతుంటే చెవిల అన్నది: "నాదే ముందు బాలిబాయి. నీకు తెలుసు."

"తెలుసు భీమక్కా."

"నీకు తెలిస్తే చాలు తియ్యి" అని కండ్లు తుడుచుకున్నది భీమక్క.

మొగుడూ పెండ్లాం స్కూటరెక్కి వాగు దాటిండ్రు. పూల్‌సింగ్ వీపు వంగిపోయున్నది. ఊరు దగ్గర పడుతుంటే బాలికి ఎందుకో నవ్వొచ్చింది. ఆపుకోను చూసింది, ఆగలె.

"ఎందుకే నవ్వుతవ్?"

"నాకు జల్మల రెండే కోరికలుండె సారూ. నా పేరు అచ్చుల పడాలె, నీ నోట తప్పైందని వినాలె. రెండూ ఒక్కపూటనే దొరికినయి. రెండూ అబద్ధాలే అయిపాయె!" నవ్వుతుంటే కండ్లకెల్లి నీళ్ళు కారినయి, కొంగుతోని తుడుచుకున్నది.

పూల్‌సింగ్ జర దూరం గుంతలు తప్పిచ్చుకుంట నడిపిండు. అప్పుడు తల తిప్పకుండనే అన్నడు: "రెండోది అబద్ధం గాదు. ఆళ్ళ ఊళ్ళె కూసుని, ఆళ్ళ కట్టేందో అడగకుండ, మైకు పట్టుకుని ఒర్రిన చూడు. నువ్వు వద్దని సైగ చేస్తే గూడ వినలె. నాది నిజంగనే తప్పైంది బాలీ."

బాలి నవ్వు ఆగిపోయింది. ఆయన భుజం మీద చెయ్యేసి గట్టిగ నొక్కింది.

"బండి ఆపు" అన్నది.

"ఎందుకు? ఏమైంది?"

"ఆపి మళ్ళొక్కసారి చెప్పు. గాలికి సరిగ ఇనవడలె."